హెడ్డిల్ పెట్టెలకు రోజూ ఒక వార్త

మా ఆర్కైవ్స్ ఒకప్పుడు హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టించే కొట్టు. ముసురు పట్టిందంటే రాతిగోడల్లోంచి ఇప్పటికీ ఆ నీచు వాసన వస్తుంది. కిర్క్‌వాల్ రేవుకు ఎదురుగా, ఐస్ ఫ్యాక్టరీ పక్కన ఉంటుంది. పాత ఓడల రికార్డులూ, చర్చి రిజిస్టర్లూ, పోయినవాళ్ళ ఉత్తరాలూ అందులో ఉంటాయి. వాటితో పాటు నేనూ ఉంటాను. డిసెంబరులో మాకు మధ్యాహ్నం మూడు దాటితే చీకటే కాబట్టి సగం ఉద్యోగం దీపాల కిందే గడుస్తుంది. చీకటికి జడిసేదాన్నయితే ఈ ఓర్క్‌నీ దీవుల్లో పుట్టి ఇన్నాళ్ళు బతికేదాన్ని కాదు.

హెడ్డిల్ పెట్టెలు మా దగ్గరికి వచ్చింది అలాంటి ఒక డిసెంబరులోనే. గిల్బర్ట్ హెడ్డిల్ పేరు తెలియనివాళ్ళు మా దీవుల్లో లేరు. పోయిన శతాబ్దం మొదట్లో లండన్ పత్రిక ఒకదానికి విదేశీ విలేఖరిగా మంచూరియా, మాసిడోనియా, ఎక్కడ తుపాకీ పేలితే అక్కడికి పోయినవాడు. ముసలితనంలో ఇక్కడికే తిరిగొచ్చి ఇక్కడే కన్నుమూశాడు. అతని కాగితాలన్నీ మనవరాలు థోరా ఇంట్లో ఉండిపోయాయి. ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఇవ్వలేదు. గాలివానకు ఇంటి పైకప్పు ఎగిరిపోయాక గానీ దిగిరాలేదు.

థోరా అంటే ఊళ్ళో ఎవరికీ పడదు. ఎక్కడ ప్రమాదం జరిగినా అందరికంటే ముందు ఆవిడ అక్కడ ఉంటుంది. ఏడవదు, ఓ చెయ్యి వేసి సాయం పట్టదు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి చూస్తుంది, చూడటం అయిపోగానే వెళ్ళిపోతుంది. అందరూ ఆవిడను బొంతకాకి అంటారు. మా అన్న శవాన్ని పడవలోంచి ఒడ్డుకు దించిన రోజున కూడా మా అమ్మ పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూసింది. నేనది మర్చిపోలేదు, క్షమించనూ లేదు.

అందుకే పెట్టెలు దించిన రోజు మా ఇద్దరి మధ్యా మాటలు సవ్యంగా సాగలేదు.

"ఇదుగో అమ్మాయ్, తీసుకో. ఆయన కాగితాల మధ్య నేను పెట్టిన పేపరు ముక్కలుంటాయి. వాటి జోలికి వెళ్ళకు," అంది.

"ఎందుకు?"

"వద్దన్నాను కాబట్టి."

"మా పద్ధతులు మాకుంటాయి థోరా గారూ."

"మీ పద్ధతులు మండినట్టే ఉన్నాయి," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మా పనిలో దినపత్రిక కాగితం అంటే పరమ శత్రువు. చవక కాగితం అది. నాలుగేళ్ళకే పసుపు తిరుగుతుంది, ఆమ్లం పట్టి పులుస్తుంది, పక్కనున్న మంచి కాగితాన్ని కూడా తినేస్తుంది. ఎవరి కాగితాలు వచ్చినా మేం మొట్టమొదట చేసేది పేపరు ముక్కలు ఏరి పారెయ్యడమే. పనికొచ్చేవైతే నకలు తీసుకుంటాం. హెడ్డిల్ పెట్టెలు తెరిస్తే నాకు ఒళ్ళు మండింది. ఆయన రాతప్రతుల్లో ఆకుకీ ఆకుకీ మధ్య ఒక ముక్క. కాలిపోయిన కొట్టం, మునిగిపోయిన జాలరి, లారీ కింద పడ్డ గొర్రెలు, బావిలో తేలిన పిల్ల. అన్నీ చెడ్డ వార్తలే. ప్రతి ముక్క మీదా పెన్సిలుతో ఒకే ఒక్క మాట: 'చూశాను.' మా అన్న చావు వార్త కూడా దొరికింది. దాని మీదా అదే మాట ఉంది.

వాటికి నకలు తియ్యాలని కూడా అనిపించలేదు. అవి హెడ్డిల్ కాగితాలు కావు, ఆయన పోయాక థోరా పెట్టిన చెత్త. సంచుల్లో కుక్కి చెత్తబండికి ఎత్తించేశాను. చేతులు కడుక్కున్నాక ప్రాణం హాయిగా అనిపించింది.

ఆ రోజు చీకటి పడుతుండగా నేను లోపలి గదిలో, అరల మధ్య, పెట్టెలకు పేర్లు అతికిస్తున్నాను. బయట వాన లేదు. అయినా తడిసిన ఉన్ని కోటు వాసన వచ్చింది. దాంతోపాటు చుట్ట కంపు, ఆస్పత్రుల్లో కొట్టే పాత మందు వాసన. ఎవరో లోపలికి వచ్చారనుకుని తల తిప్పాను. ఎవరూ లేరు. అప్పుడు చివరి అర వెనకనుంచి మెల్లగా, బొంగురుగా వినబడింది.

"ఈ రోజు ఏమైంది?"

మా ఆయన ఎర్లెండ్ చిలిపి పని అనుకున్నాను. బయటి దీవులకు తిరిగే ఫెర్రీలో పని చేస్తాడు. సెలవు దొరికితే వెనకనుంచి వచ్చి 'భౌ' అనడం అతనికి సరదా.

"ఏమీ కాలేదు. చలికి చస్తున్నాను. నువ్వు బయటికి రా ముందు," అన్నాను.

ఎవరూ రాలేదు. చెక్క మీద గోటితో కొట్టే చప్పుడు మాత్రం వినబడింది. టక్... టక్... టక్. ఎదురుచూసీ చూసీ విసిగిపోయినవాడు కొట్టినట్టు. నేను అర వెనక్కి వెళ్ళి చూశాను. హెడ్డిల్ పెట్టెలు తప్ప ఏమీ లేవు.

తాళం వేసి వీధిలోకి వచ్చేసరికి ఎదురుగా బేకరీ నడిపే ఇంగ నిచ్చెనెక్కి క్రిస్మస్ దీపాలు కడుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. ఊపుతూ ఊపుతూనే కిందికి వచ్చేసింది. నా కాళ్ళ ముందు పడింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు.

దానికీ దీనికీ ముడిపెట్టాలని నాకు తోచలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది?

మర్నాడు కూడా అదే వేళకు అదే వాసన వచ్చింది. ఈసారి గొంతు దగ్గరగా, పక్క అర వెనకనుంచి వచ్చింది.

"ఈ రోజు ఏమైంది?"

"ఎవరది?"

"అడిగింది చెప్పు."

భయమేస్తే నాకు ముందు కోపం వస్తుంది. "ఏమీ కాలేదు, పో!" అని అరిచి, దీపాలు కూడా ఆర్పకుండా బయటికి పరిగెత్తాను. రేవు గట్టు మీదికి చేరాను. అక్కడైతే నలుగురు మనుషులుంటారని. అప్పుడే క్రేను ఇనుప తాడు తెగింది. తెగిన కొస కొరడాలా దూసుకొచ్చింది. గట్టు మీద నిలబడ్డ ఒకతని చెయ్యి మోచేతి దగ్గర... నేను చూశాను. అంతా చూశాను. కళ్ళు మూసుకునేంత వ్యవధి కూడా లేకపోయింది.

జనం మూగారు. ఆ గుంపులో కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని థోరా. ఆ మనిషిని చూడటం అయిపోయాక నా వైపు తిరిగింది.

"తీసేశావు, అవునా? పేపరు ముక్కలు."

"నువ్వు మనిషివేనా? ఇక్కడ ఒకడి చెయ్యి తెగిపడుంటే..."

"తీసేశావా లేదా?"

"తీసేశాను. పారేశాను. అయితే?"

థోరా నన్ను ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కకు లాగింది. పట్టు ఇనుములా ఉంది. "తాతయ్యకు వార్త లేని రోజంటే గిట్టదు. బతికున్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. చీకటి పడగానే అడుగుతాడు. కళ్ళారా చూసిన కష్టం ఏదో ఒకటి చెప్పాలి. ఏమీ లేదన్నామా, తనే పుట్టిస్తాడు. నా వయసంతా ఈ ఊళ్ళో చావులన్నీ ఎందుకు చూశాననుకున్నావు? సరదానా? జరిగేది ఎలాగూ జరుగుతుంది. దాన్ని చూసి పోయి చెప్తే, కొత్తది పుట్టించడు. ఏమీ జరగని రోజుల్లో ఆ పేపరు ముక్కలు చదువుకుంటూ పడుండేవాడు."

నాకు మా అన్న గుర్తొచ్చాడు. గట్టు మీద కళ్ళార్పకుండా నిలబడ్డ ఈ మనిషి గుర్తొచ్చింది.

"కాల్చేస్తాను ఆ పెట్టెలు," అన్నాను.

"మా నాన్న ఒక పెట్టె కాల్చాడు. ఆ సాయంత్రమే మా అమ్మ పోయింది, ఆయన కళ్ళముందే. నువ్వింకొకటి కాలుస్తావా?"

"అయితే నువ్వే వచ్చి చెప్పు. ఇన్నాళ్ళూ చెప్పావుగా!"

"నన్నడగడు. కాగితాలు ఎవరి చేతి కింద ఉంటే వాళ్ళనే అడుగుతాడు. ఇంటికి పోయి తలుపేసుకుంటే ఇంట్లో అడుగుతాడు." ఆవిడ మొహంలో జాలి వెతికాను. లేదు. "ఇన్నేళ్ళూ నన్ను బొంతకాకి అన్నారు కదే మీరంతా. ఇక నువ్వు ఎగురు. రేపు పొద్దున విమానానికి నేను పోతున్నాను."

నిజంగానే పోయింది.

మర్నాడు పొద్దున మొట్టమొదట చెత్త డిపోకు ఫోన్ చేశాను. పాత కాగితమంతా ముందురోజే ఓడెక్కి వెళ్ళిపోయిందన్నారు. సెలవు పెట్టి ఊరి మీద పడ్డాను. ఏం వెతుకుతున్నానో చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే. ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరూ రాలేదు. మలుపుల దగ్గర నిలబడ్డాను. బళ్ళన్నీ జాగ్రత్తగా పోయాయి. మంచు మీద ఒక ముసలాయన కాలు జారబోతే గుండె లేచింది. ఆయన గోడ పట్టుకుని నిలదొక్కుకుని నన్ను చూసి నవ్వాడు. ఆ రోజు ఊరు ఊరంతా క్షేమంగా ఉంది. దానికి నేను ఏడ్చాను.

మధ్యాహ్నం గాలి ముదిరింది. ఎర్లెండ్ వెస్ట్రే దీవి రేవునుంచి ఫోన్ చేశాడు.

"ఏమే, మీ ముసలాళ్ళ కాగితాలు ఎలా ఉన్నాయి?"

"ఎర్లెండ్, ఈ రోజు నువ్వు రావద్దు. రాత్రికి అక్కడే ఉండిపో."

"ఎక్కడుండాలి, గొర్రెల కొట్టంలోనా? ఫెర్రీ నిండా జనం. పండక్కి బజారు చేసుకోవాలని పిల్లాపాపలతో బయల్దేరారు. గాలంటావా, ఇంతకంటే పెద్దది నువ్వు గురక పెడితే వస్తుంది."

"నేను చెప్పేది విను..."

"మటన్ సూపు చేసి ఉంచు. చల్లారిందో, నిన్ను వదిలేసి ఆ ఇంగను చేసుకుంటాను. ఎలాగూ తుంటి విరిగింది, పారిపోలేదు," అని నవ్వి పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఫెర్రీ బయల్దేరితే దార్లో సిగ్నల్ ఉండదు.

ఇంటికి వెళ్ళలేదు. అడిగేవాడు ఎలాగూ అడుగుతాడు, మా పడకగదిలో వాడి గొంతు వినడం నాకిష్టం లేదు. ఆర్కైవ్స్ తలుపు తీసి, ఉన్న దీపాలన్నీ వేసి, అట్టపెట్టెలు చేసే బల్ల దగ్గర కూర్చున్నాను. కిటికీ అవతల వెలుగు బూడిద రంగుకు తిరిగింది. తరవాత నల్లబడింది. గాలికి పైకప్పు రేకులు దడదడలాడుతున్నాయి. గోడల్లోంచి చేపల నీచు. దాని మీదుగా... తడి ఉన్ని. చుట్ట. మందు వాసన.

ఈసారి అరల వెనకనుంచి కాదు. నా కుర్చీ వెనకనుంచే వచ్చింది.

"ఈ రోజు ఏమైంది?"

నేను వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను.

"ఐస్ ఫ్యాక్టరీలో... మంటలు లేచాయి," అన్నాను.

"చూశావా?"

"చూశాను."

"పొగ ఏ రంగు?"

"నల్లగా," అన్నాను.

"గాలి ఎటు కొట్టింది? మొదట అరిచింది ఎవరు?"

"ఎవరో... ఒక మనిషి," అన్నాను.

"పుకారు," అన్నాడు. చీదరింపుగా అన్నాడు, పని రానివాళ్ళను పెద్ద ఉద్యోగులు అన్నట్టు. "ఇంకేముంది?"

"నిన్న క్రేను తాడు తెగి..."

"నిన్నటిది."

టక్... టక్... టక్. బల్ల మీద, నా మోచేతి పక్కనే. ఏమీ కనిపించలేదు. బల్ల చెక్క మాత్రం ఆ చోట కాస్త కాస్తగా తడుస్తోంది.

"సరే," అన్నాడు. గొంతులో ఉత్సాహం వచ్చింది. దానికే నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది. "వెస్ట్రే ఫెర్రీ ఎంతవరకు వచ్చి ఉంటుంది?"

"వద్దు."

"పిల్లలెంతమంది? పేర్లు కావాలి. వయసులు కావాలి."

"వద్దు... నీకు దణ్ణం పెడతాను..."

"నీ మొగుడు ఎటు పక్క నిలబడతాడు? ఈత వచ్చా?" ఆగాడు. "ఇక్కడి కిటికీలోంచి దీపాలు కనిపిస్తాయి. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడు. నీకు బాగా కనబడాలి."

లేచాను. నా కాళ్ళు వాటంతట అవే కిటికీ వైపు రెండడుగులు వేశాయి. రేవు అవతల, నల్లటి నీళ్ళ మీద, చిన్న దీపాల వరస. అది ఒక పక్కకు ఒరిగింది. లేచింది. మళ్ళీ ఒరిగింది... ఈసారి లేవడానికి చాలా సేపు పట్టింది.

ఆ దీపాల్లో నా ఎర్లెండ్ ఉన్నాడు. వాడి పిచ్చి జోకులూ, వాడి మటన్ సూపూ, వాడి వెచ్చటి చేతులూ ఉన్నాయి. నేను ఇంకేమీ ఆలోచించలేదు. వెనక్కి ఒక్క ఉరుకు ఉరికి కటింగ్ మిషన్ దగ్గరికి వెళ్ళాను. మందపాటి అట్టలు కోసేది అది. మూరెడు కత్తి, బరువైన పిడి. ఎడమ చెయ్యి కత్తి కింద పెట్టాను. చిటికెన వేలు ఒక్కటీ చాపాను.

"ఇదుగో. ఇది ఈ రోజుది. ఇది వార్త," అన్నాను.

టక్ టక్ ఆగింది. నా వెనకున్నవాడు వంగాడు. నా మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఊహూ," అన్నాడు మెల్లగా. "మూసుకుంటే చెల్లదు. చూడు."

చూశాను.

పిడి నేనే కిందికి లాగాను. ఎముక దగ్గర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఒత్తి లాగాను. మొదట నొప్పి లేదు. వేలు అట్టముక్కల పక్కన పడుంది, గోటికి నేను క్రితం వారం వేసుకున్న రంగుతో సహా. తరవాత నొప్పి వచ్చింది.

"చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఏడుస్తూ, పళ్ళు బిగించుకుని, అన్నీ చెప్పాను. రక్తం ఎటు పారిందో, ఎంత చిక్కగా ఉందో, చప్పుడెలా ఉందో. ఎక్కడో కాగితం మీద పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు. నేను ఆగినప్పుడల్లా అదీ ఆగింది. చివరికి పెన్సిలు పక్కన పెట్టిన చప్పుడైంది.

"ఒక్క వేలు. రెండు వాక్యాలకు మించి రాదు," అన్నాడు.

ఆ తరవాత ఏ వాసనా లేదు. పాత చేపల నీచు తప్ప.

ఆస్పత్రిలో కుట్లు వేస్తుండగా తెలిసింది, ఫెర్రీ క్షేమంగా ఒడ్డు చేరిందని. నర్సు చెప్పగానే ఆవిడ భుజం మీద తల పెట్టి బావురుమన్నాను. నొప్పికి అనుకుంది పాపం. మత్తుమందు వల్ల కళ్ళు మూతలు పడుతున్నా ఎర్లెండ్ వచ్చేదాకా నిద్రపోలేదు.

వచ్చాడు. మంచం పక్కన కూలబడి, కట్టు కట్టిన నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఒక్క సాయంత్రం ఒంటరిగా వదిలితే ఇంత పని చేస్తావా?" అన్నాడు.

"ఫెర్రీ... ఎలా వచ్చింది?"

"ఏం చెప్పమంటావే. రెండుసార్లు అయిపోయాం అనుకున్నాం. ఆ తరవాత ఒక్కసారిగా గాలి తెగిపోయింది. నూనె పోసినట్టు సద్దుమణిగాయి నీళ్ళు. ఇంజను కూడా దానంతటదే ఆగింది. కాసేపు అలాగే ఉన్నాం. ఎవరూ మాట్లాడలేదు. పసిపిల్లలు కూడా ఏడవలేదు. మళ్ళీ ఇంజను అందుకుంది, వచ్చేశాం."

వాణ్ణి తనివితీరా చూసుకున్నాను. తల తడిసింది, పెదవులు చలికి నీలం తిరిగాయి. కిందికి చూస్తే పాదాలకు బూట్లు లేవు.

"బూట్లేవి?"

ఎర్లెండ్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అప్పుడే మొదటిసారి గమనించినట్టు చూశాడు. నుదురు ముడిపడింది.

"డెక్ మీద ఉన్నాయి. అందరివీ అక్కడే ఉన్నాయి. రైలింగు పక్కన వరసగా పెట్టాం," అన్నాడు. "పిల్లలవి ముందు వరసలో."

"ఎందుకు విప్పారు?"

ఆలోచించాడు. నా చేతిని పట్టుకున్న వాడి వేళ్ళు చల్లబడుతున్నాయి.

"తెలియదు," అన్నాడు.

నేను వాడి పాదాల మీదనుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. కుడి కాలి మేజోడు పొడిగా ఉంది. ఎడమ కాలిది, రైలింగు దాటి నీళ్ళలోకి దించాక ఎవరో ఆపినట్టు, మోకాలిదాకా తడిసి ఉంది. అందులోంచి ఉప్పునీళ్ళు చుక్కచుక్కగా ఆస్పత్రి నేల మీదికి కారుతున్నాయి.